శిష్యుల యొద్ద నేర్చిన గురువులు

ఒక ప్రాథమిక పాఠశాలలోని తరగతిని శ్రోతలు ఒక్కసారి ఊహించుకొనవలెనని కోరుచున్నాము. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ఒక లెక్క వ్రాసెను. పిల్లల వైపు వీపు త్రిప్పి నిలిచియే, “ఇదిగో, దీనిలో నుండి దీనిని తీసివేసినచో ఇది మిగులును” అని చెప్పెను. తరగతిలో 40 మంది పిల్లలున్నారు. వారిలో 37 మందికి ఆ మాట చక్కగా అర్థమైనది. ఒక పిల్లవానికి చూపు లేదు. “ఇది” అనగా ఏదియో వానికి తెలియలేదు. ఒక బాలికకు వినికిడి లేదు. గురువుగారి పెదవులు ఆమెకు కనబడలేదు. మరియొక బాలునికి బుద్ధి నెమ్మదిగా వికసించుచున్నది. వాడు మొదటి “ఇది” దగ్గరనే నిలిచిపోయినాడు.

ఈ ఉపాధ్యాయుడు చెడ్డవాడా? కాదు. పిల్లలన్న ప్రేమ లేనివాడా? అదియు కాదు. ఆ ముగ్గురికి ఎట్లు చెప్పవలెనో ఆయనకు ఎవరును చెప్పలేదు. అంతే. పిల్లలకు పాఠములు చెప్పుటకు గురువులున్నారు. మరి గురువులకు ఈ పాఠము ఎవరు చెప్పవలెను? ఈ ప్రశ్నకు చరిత్రలో ఒక విచిత్రమైన సమాధానము కలదు. చూపు లేనివారికి, వినికిడి లేనివారికి, బుద్ధివికాసమున వెనుకబడినవారికి చదువు చెప్పు విద్యను గురువులు తమంత తాము కనుగొనలేదు. శిష్యుల యొద్దనే నేర్చుకొనిరి. నేర్చుకొనినపుడెల్ల ఆ విద్య ముందునకు సాగినది. నేర్చుకొనుట మానినపుడెల్ల వెనుకకు నడచినది. ఆ కథను సంగ్రహముగా మనవి చేయదలచితిమి.

కథ పారిస్ నగరములో ప్రారంభమగును. 1760వ సంవత్సర ప్రాంతమున షార్ల్ మిషెల్ ద లెపే అను క్రైస్తవ మతాచార్యుడు ఒక ఇంటికి పోయి, అచట కుట్టుపని చేసికొనుచున్న అక్కచెల్లెండ్రను ఇద్దరిని పలుకరించెనట. వారు బదులు చెప్పలేదు. తల్లి వచ్చి, తన బిడ్డలు పుట్టుచెవిటివారని చెప్పిన పిమ్మట గాని ఆయనకు సంగతి తెలియలేదు. అంతకుముందు వారికి బొమ్మలు చూపి కొంత చదువు చెప్పుచుండిన ఒక మతగురువు మరణించి యుండెను. లెపే ఆ పని తాను పూనుకొనెను.

అంతకుముందు బధిరులకు విద్య చెప్పినవారు ఐరోపాలో లేకపోలేదు. కాని వారు సంపన్నుల బిడ్డలకు ఒక్కొక్కరికి విడిగా, మాటలు పలికించుటయే ధ్యేయముగా చెప్పినవారు. తమ పద్ధతిని పరులకు తెలియనీయక కులవిద్య వలె దాచుకొనినవారు కూడ వారిలో కలరు. లెపే అట్లు చేయలేదు. బధిరులు తమలో తాము సైగలతో మాటలాడుకొనుచుండుటను ఆయన గమనించెను. వినికిడి గలవారికి చెవి వలన భాష వచ్చినట్లే వీరికి కన్నుల వలన భాష వచ్చునని గ్రహించెను. తానే మొదట ఆ సైగలను నేర్చుకొనెను. ఆ సైగల ద్వారా ఫ్రెంచి భాషను వ్రాయుటయు చదువుటయు నేర్పెను. బీదలకు ఉచితముగా చెప్పెను. అందరును వచ్చి చూచునట్లు బహిరంగముగా పాఠములు జరిపెను. ఇతర నగరముల నుండియు ఇతర దేశముల నుండియు వచ్చిన ఉపాధ్యాయులకు తన పద్ధతిని దాచకుండ బోధించెను. వియన్నాలో 1779లో నెలకొల్పబడిన బధిరుల పాఠశాలకు గురువు పారిస్‌లో ఆయన వద్ద శిక్షణ పొందినవాడే. బధిరులకు విద్య చెప్పు ఉపాధ్యాయులకు బాహాటమైన శిక్షణ ఇట్లు ఆరంభమైనది.

లెపే చేసిన పనిలో పొరపాటు లేకపోలేదు. ఫ్రెంచి వ్యాకరణమునకు సరిపడునట్లు ఆయన సైగలకు ప్రత్యయములు తగిలించి ఒక కృత్రిమభాషను కల్పించెను. అది పిల్లలకు బరువైనది. ఆయన తరువాతి తరమున బెబియన్ అను ఉపాధ్యాయుడు, పిల్లలు సహజముగా వాడుకొను సైగలే బోధనకు తగినవని వాదించి దానిని సరిదిద్దెను. ఇచటను దిద్దుబాటు శిష్యుల వైపు నుండియే వచ్చినదని గమనింపదగును.

లెపే 1789లో మరణించెను. ఆయన స్థానమునకు సికార్ అను ఆచార్యుడు వచ్చెను. ఆయనకు జాన్ మాస్యూ అను బధిరశిష్యుడుండెను. ఫ్రెంచి విప్లవకాలమున 1792లో సికార్ బంధింపబడగా, ఆయనను విడుదల చేయుమని శాసనసభకు విన్నపము వ్రాసి తెచ్చినవాడు ఈ మాస్యూయే. ఆ శిష్యుడే ఆ పాఠశాలలో ఉపాధ్యాయుడైనాడు. మాస్యూ శిష్యుడు లొరాఁ క్లెర్క్ అనువాడును బధిరుడే. అతడును అక్కడనే ఉపాధ్యాయుడైనాడు.

ఇది ఇట్లుండగా అమెరికాలో హార్ట్‌ఫర్డ్ పట్టణమున ఆలిస్ కాగ్స్‌వెల్ అను బధిరబాలిక యుండెను. ఆమెకు చదువు చెప్పించుటకు మార్గము వెదకి రమ్మని పెద్దలు థామస్ గాలడెట్ అను యువకుని 1815లో ఐరోపాకు పంపిరి. బ్రిటనులో ఆ విద్యను గుప్తముగా ఉంచుకొనినవారు ఆయనకు సుముఖులు కాలేదు. సికార్ ఆయనను పారిస్‌కు ఆహ్వానించెను. కొన్ని నెలలు నేర్చుకొనిన పిమ్మట, ఈ విద్య ఇంత స్వల్పకాలములో తనకు అబ్బునది కాదని గాలడెట్ గ్రహించి, క్లెర్క్‌ను తనతో రమ్మని వేడుకొనెను. ఇరువురును 1816 జూన్‌లో ఓడ యెక్కిరి. ప్రయాణము 52 దినములు పట్టినది. ఆ దినములలో క్లెర్క్ గాలడెట్‌కు సైగలభాష నేర్పెను. గాలడెట్ క్లెర్క్‌కు ఇంగ్లీషు నేర్పెను. ఉపాధ్యాయ శిక్షణాలయముల చరిత్ర వ్రాయువారు ఆ ఓడను కూడ ఒక శిక్షణాలయముగా లెక్కింపవలసినదే. వినగలవాడు శిష్యుడు, వినలేనివాడు గురువు. మరునిముషమున పాత్రలు తారుమారు.

1817 ఏప్రిల్ 15వ తేదీన హార్ట్‌ఫర్డ్‌లో పాఠశాల తెరువబడెను. క్లెర్క్ అచట 40 సంవత్సరములకు పైగా పాఠములు చెప్పెను. పిల్లలకే గాక, ఇతర రాష్ట్రములలో పాఠశాలలు పెట్టదలచి వచ్చిన ఉపాధ్యాయులకును చెప్పెను. ఆ పాఠశాలలలో చదివిన బధిరులు అనేకులు తిరిగి ఉపాధ్యాయులైరి. 1870 ప్రాంతమునకు అమెరికాలోని బధిరపాఠశాలల ఉపాధ్యాయులలో సుమారు నూటికి 40 మంది బధిరులే. ఒక తరమున విద్యార్థులు, మరుతరమున గురువులు. ఇంతకన్న సహజమైన శిక్షణ వేరొకటి ఉండదు.

ఆ ప్రవాహమునకు అడ్డుకట్ట 1880లో పడినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఇటలీ దేశమున మిలాన్ నగరములో బధిరవిద్యను గూర్చి అంతర్జాతీయ మహాసభ జరిగెను. వచ్చిన ప్రతినిధులు 164 మంది, వారిలో అధికసంఖ్యాకులు ఇటలీ, ఫ్రాన్సు దేశముల వారు, బధిరుడు ఒక్కడు. సైగలను విడిచి, పెదవుల కదలికను చూచి గ్రహించుటయు, నోటితో పలుకుటయు మాత్రమే నేర్పు పద్ధతి ఉత్తమమని సభ తీర్మానించెను. అమెరికా, బ్రిటను దేశముల ప్రతినిధులలో కొలదిమంది మాత్రము దానికి వ్యతిరేకముగా నిలిచిరి. వారిలో థామస్ గాలడెట్ కుమారుడు ఎడ్వర్డ్ గాలడెట్ ఒకడు.

నోటిమాట పద్ధతి వారందరును దుర్బుద్ధితో ఆ తీర్మానము చేసిరని మేము చెప్పజాలము. బధిరుడు మాట నేర్చినచో లోకములో కలిసిపోవునని వారు నిజముగా నమ్మిరి. కొందరు పిల్లలకు, ముఖ్యముగా కొంత వినికిడి మిగిలియున్నవారికి, ఆ పద్ధతి ఉపకరించినది కూడ. కాని తీర్మానము “ఇదియు” అనక “ఇదియే” అని పలికినది. దాని ఫలితము మొదట పిల్లల మీద కంటె ఉపాధ్యాయుల మీద పడెను. నోటితో పలికించుటయే విద్య యైనచో, స్వయముగా పలుకలేని బధిరుడు గురువెట్లు కాగలడు? ఐరోపాలో బధిరోపాధ్యాయులు పాఠశాలల నుండి తొలగింపబడిరి. అమెరికాలో వారి సంఖ్య క్రమముగా తగ్గి, మొదటి ప్రపంచయుద్ధము నాటికి సుమారు నూటికి 15 మందికి దిగినది. పలు పాఠశాలలలో పిల్లలు చేతులు కదపరాదను నియమము వచ్చెను. పాఠము జరుగు గంటలలో అధికభాగము ఒక్కొక్క శబ్దమును పలికించుటలోనే గడచిపోయెను; లెక్కలకు, చరిత్రకు, లోకజ్ఞానమునకు కాలము చాలలేదు. పిల్లలు రాత్రివేళ పడకగదులలో గురువులు చూడకుండ సైగలు చేసికొనిరి. తరగతిలో నిషేధింపబడిన భాష వసతిగృహములో బ్రతికినది.

ఈ తప్పు దిద్దుకొనుటకు ఎంతకాలము పట్టినదో చూడుడు. 1960లో విలియం స్టోకో అను భాషాశాస్త్రవేత్త, అమెరికా బధిరుల సైగలకు స్వంత నిర్మాణము కలదనియు, అది సంపూర్ణమైన భాషయే అనియు శాస్త్రీయముగా నిరూపింప మొదలిడెను. ఆ మిలాన్ సభ పరంపరలోనిదైన మహాసభయే 2010లో కెనడాలోని వాంకూవర్ నగరమున సమావేశమై, ఆనాటి తీర్మానములను త్రోసిపుచ్చి, వాటివలన కలిగిన హానికి విచారము వెలిబుచ్చెను. మధ్యలో 130 సంవత్సరములు గడచినవి. అన్ని తరముల పిల్లల బాల్యమును ఎవరు తిరిగి ఈయగలరు?

ఇక చూపు లేనివారి విద్యను గూర్చి. దాని జన్మస్థానమును పారిస్ నగరమే. వాలాంటీన్ హాయ్ అనునాయన 1771లో ఒక సంతలో, అంధులకు వింతవేషములు వేసి, చేతులలో వాద్యములు పెట్టి, జనులు నవ్వుచుండుట చూచెను. ఆ దృశ్యము ఆయనను వెంటాడినది. 1780లలో ఆయన అంధబాలురకు పాఠశాల పెట్టెను. దళసరి కాగితము మీద సాధారణమైన రోమను అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చువేసి, వ్రేళ్ళతో తడిమి చదువుట నేర్పెను. ఇది గొప్ప ముందడుగు. కాని ఆ అక్షరములు కంటికి కల్పింపబడినవి, వ్రేలికి కాదు. చదువుట మిక్కిలి ఆలస్యము. పుస్తకములు మోయరాని బరువు. చదువుకొనిన పిల్లవాడు తిరిగి వ్రాయుటకు సులువైన మార్గము లేదు.

ఆ పాఠశాలకు 1819లో లూయీ బ్రెయిలీ అను 10 ఏండ్ల బాలుడు వచ్చెను. తండ్రి జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిముట్టు కంటికి తగిలి, పిదప రెండవ కంటి చూపు కూడ పోయినది. షార్ల్ బార్బియే అను సైనికాధికారి, చీకటిలో చదువుటకు వీలుగా 12 చుక్కల లిపి నొకటి కల్పించి ఈ పాఠశాలకు తెచ్చెను. ఆ చుక్కల గుంపు వ్రేలికొనకు ఒక్కసారిగా అందనంత పెద్దది. అది అక్షరములకు గాక ధ్వనులకు గుర్తు. బ్రెయిలీ దానిని తడిమి, దానిలోని గుణమును దోషమును గుర్తించి, 1824 నాటికి, తన 15వ యేట, 6 చుక్కల లిపిని రూపొందించెను. 1829లో దానిని ప్రకటించెను. ఆరు చుక్కలతో 63 గుర్తులు ఏర్పడును; ప్రతి గుర్తును వ్రేలికొన క్రింద ఇమిడిపోవును. ఒక చట్రము, ఒక మొలవంటి కలము ఉన్నచో ఎవరైనను వ్రాయవచ్చును.

బ్రెయిలీ ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడైనాడు. పిల్లలు ఆ లిపిని ఆనందముతో నేర్చుకొనిరి. కాని చూపుగల పెద్దలకు అది నచ్చలేదు. ఆ చుక్కలను చదువుటకు వారు క్రొత్తగా నేర్చుకొనవలసి యుండెను. అంధులకు వేరే లిపి యున్నచో వారు లోకమునకు దూరమగుదురని కూడ వాదించిరి. 1840 తరువాత కొంతకాలము ఆ పాఠశాలలోనే ఆ లిపి వాడకమును ఆపిరి. పిల్లలు చాటుమాటుగా వాడుకొనుచునే యుండిరి. 1844లో క్రొత్తభవనపు ప్రారంభోత్సవమున ఆ లిపిని బహిరంగముగా ప్రదర్శించి చూపగా పెద్దల మనస్సు మెత్తబడెను. పాఠశాల దానిని అధికారికముగా స్వీకరించినది 1854లో. బ్రెయిలీ అంతకు రెండేండ్ల ముందే, 1852లో, క్షయవ్యాధితో కన్నుమూసెను. మిలాన్ సభ కథయు, ఈ లిపి కథయు ఒక్కటే చెప్పుచున్నవి. గురువునకు ఏది సులువో అదియే శిష్యునకు మేలని భ్రమపడుట ఈ విద్యకు పట్టిన పాతరోగము.

మూడవ పాయ మరింత ఆశ్చర్యకరమైనది. 1800లో ఫ్రాన్సులోని అవెరాన్ అడవులలో మాటలు రాని బాలుడొకడు దొరికెను. పారిస్ బధిరపాఠశాల వైద్యుడు ఇటార్ వానికి అయిదారేండ్లు చదువు చెప్పుటకు ప్రయత్నించెను. వాడు మాట నేర్వలేదు గాని, ఆ ప్రయత్నమున ఇటార్ స్పర్శ, చూపు, వినికిడి అను ఇంద్రియముల ద్వారా బుద్ధిని మేల్కొల్పు సాధనలను అనేకము కనుగొనెను. ఆయన శిష్యుడు సెగాన్ వాటిని బుద్ధిమాంద్యముగల పిల్లలకు అన్వయించి ఒక పద్ధతిగా పెంపొందించెను. ఆ ఇరువురి గ్రంథములను ఇటలీలో మరియా మాంటిస్సోరి అను వైద్యురాలు తన చేతితో వ్రాసికొనుచు చదివెను. 1900 ప్రాంతమున రోమునగరములో బుద్ధిమాంద్యముగల పిల్లల ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చు పాఠశాలలో ఆమె పనిచేసెను. ఆ పిల్లలు సాధించిన అభివృద్ధిని చూచి ఆమెకు ఒక ఆలోచన కలిగెను. వీరికి ఇంత మేలు చేసిన పద్ధతి ఇతరులకు ఎందుకు చేయదు? 1907లో రోములోని బీదలవాడలో ఆమె “బాలగృహము”ను తెరచెను. గరుకు అక్షరములను వ్రేలితో తడుముట, పూసలను లెక్కించుట, అక్షరములను చేతితో అమర్చుట అను పద్ధతులు ప్రపంచమంతటికి వ్యాపించినవి.

మాంటిస్సోరి 1939 నవంబరులో మదరాసులోని అడయారుకు వచ్చి దివ్యజ్ఞానసమాజ ఆవరణలో ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు నడపెను. దేశము నలుమూలల నుండి ఉపాధ్యాయులు వచ్చిరి. ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాజధానిలోనివే. యుద్ధకారణమున ఆమె ఇటలీదేశస్థురాలిగా నిర్బంధమునకు లోబడవలసి వచ్చినను, 1946 వరకు ఈ దేశముననే యుండి శిక్షణకార్యము సాగించెను. నేడు మన పట్టణములలో కలిగినవారి బిడ్డలు పోవు మాంటిస్సోరి బడులను చూచునపుడు ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. ఆ బల్ల మీది గరుకు అక్షరములు, పూసలు, కొయ్యముక్కలు ఒకప్పుడు “చదువు రాదు” అని విడువబడిన పిల్లల కొరకు పుట్టినవి. వెనుకబడినవాని కొరకు వేసిన మెట్టు అందరికిని ఎక్కుటకు సులువైనది.

మన దేశమున ఈ విద్య 19వ శతాబ్ది చివర వేళ్ళూనినది. 1880లలో బొంబాయిలో బధిరులకును, 1887లో అమృతసరములో అన్నీ షార్ప్ అను మిషనరీ వనిత చొరవతో అంధులకును, 1893లో కలకత్తాలో బధిరులకును, 1897లో అచటనే లాల్ బిహారీ షా కృషితో అంధులకును పాఠశాలలు ఏర్పడినవి. కలకత్తా బధిరపాఠశాల స్థాపకులలో ఒకరైన యామినీనాథ బెనర్జీ శిక్షణకై ఇంగ్లండుకును, అమెరికాకును పోయి, గాలడెట్ పేర వెలసిన కళాశాలలోని ఉపాధ్యాయ శిక్షణశాఖలో చదివి వచ్చెను. ఆ శాఖ 1891లో ఏర్పడినది. అది వినగల అభ్యర్థుల కొరకు ఏర్పడినది. బధిరులకై వెలసిన కళాశాలలో బధిరునికి గురుత్వశిక్షణ లేకపోవుట ఆ కాలపు గాలి ఎటు వీచుచున్నదో తెలుపును.

అంధుల లిపి విషయమున మన దేశమునకు వేరొక చిక్కు వచ్చెను. ఒక్కొక్క పాఠశాల, ఒక్కొక్క ప్రాంతము ఒక్కొక్క చుక్కల క్రమమును కల్పించుకొనుటచే, ఒకచోట శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు మరియొకచోట నిరక్షరుడయ్యెను. స్వాతంత్ర్యానంతరము ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ తోడ్పాటుతో చర్చలు జరిగి, 1951లో భారతీయ భాషలన్నిటికి ఉమ్మడిగా “భారతీ బ్రెయిలీ” నిర్ణయింపబడెను. తెలుగు “క”, హిందీ “క”, తమిళ “క” ఒక్కటే గుర్తు. ఎడమవైపు మొదటి చుక్కయు మూడవ చుక్కయు. “ల” అనగా ఎడమవరుసలోని 3 చుక్కలు.

ఈ లిపిలో తెలుగు వ్రాయు విధమును ప్రతి ఉపాధ్యాయుడును ఒక్క గంట సేపు తెలిసికొనిన చాలును, కన్నులు తెరుచుకొనును. ఇందు గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు. “కా” అని వ్రాయవలెనన్న “క” ప్రక్కన “ఆ” అక్షరమును ఉంచుదురు. “అమ్మ” అను మాటకు ముందు “అ”, పిదప పొల్లును తెలుపు ఒక చుక్క, ఆ పిదప “మ”, “మ”; మొత్తము నాలుగు గుర్తులు, అన్నియు ఒకే వరుసలో. ఇది తెలియని గురువు చూపు లేని పిల్లవానితో, “మకు క్రింద మ ఒత్తు ఇయ్యవోయి” అనును. పిల్లవాడు తెల్లబోవును. వాని లోకములో “క్రింద” అనునది లేదు. తప్పు పిల్లవానిది కాదు. ఆ మాట వాని వ్రేలికి అందునది కాదు.

1960ల వరకు మన దేశమున ఆలోచన యంతయు ప్రత్యేక పాఠశాలల చుట్టును తిరిగెను. 1964–66 నాటి కొఠారీ విద్యాసంఘము, వికలాంగబాలుర విద్య సాధారణ విద్యావ్యవస్థలో విడదీయరాని భాగము కావలెనని చెప్పెను. 1974లో కేంద్రప్రభుత్వము ఇట్టి పిల్లలను సాధారణ పాఠశాలలలో చేర్చుటకు ఒక పథకము నారంభించెను. పిల్లలు చేరిరి, ఉపాధ్యాయులు సిద్ధముగా లేరు. అందుచే 1987లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, ఐక్యరాజ్యసమితి బాలలనిధి సహాయముతో నడపిన ప్రణాళికలో శిక్షణను మూడు అంతస్తులుగా ఏర్పరచిరి. ప్రతి ఉపాధ్యాయునకు ఒక వారము. వారిలో కొందరికి 6 వారములు. అతికొద్దిమందికి ఒక సంవత్సరము. అందరికిని కొంత తెలియవలెను, కొందరికి చాల తెలియవలెను అను ఈ సూత్రము చక్కనిది.

సికింద్రాబాదులో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ నెలకొల్పబడుట మన తెలుగునాటికి కలిగిన మేలు. దేశమున బుద్ధివికాసలోపముగల పిల్లలకు బోధించు ఉపాధ్యాయులను తయారుచేయుటకు అది ముఖ్యకేంద్రమైనది. ఇపుడు దాని పేరు మారినను పని మారలేదు. 1992లో పునరావాస మండలి చట్టము వచ్చి, ప్రత్యేకోపాధ్యాయుల శిక్షణకు ప్రమాణములను, పట్టికను ఏర్పరచెను. 1994 జూన్‌లో స్పెయిన్ దేశపు సలమాంకా నగరమున 92 ప్రభుత్వముల ప్రతినిధులు సమావేశమై, పిల్లలందరిని కలుపుకొను సాధారణ పాఠశాలయే మార్గమని ప్రకటించిరి. మన దేశమున 2014 నాటి నిబంధనల ననుసరించి రెండేండ్ల బి.ఎడ్. చదువులో, అందరిని కలుపుకొను పాఠశాలను గూర్చిన పాఠ్యాంశము చేరినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించెను. 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేకావసరములుగల పిల్లలు ప్రాథమికదశలో 10 మందికి ఒకరు, పైదశలలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులుండవలెనని నిర్దేశించెను.

ఈ 2016 చట్టములో ఒక మాట మిలాన్ కథ తెలిసినవారికి ప్రత్యేకముగా తోచును. సైగలభాషయు బ్రెయిలీయు వచ్చిన ఉపాధ్యాయులను, వైకల్యముగల ఉపాధ్యాయులతో సహా, నియమింపవలెనని అందు కలదు. 1880లో తరగతి నుండి వెడలగొట్టబడిన గురువును 136 ఏండ్ల పిదప మన చట్టము పేరుపెట్టి లోనికి పిలిచినది. పిలుపు కాగితము మీద నున్నది. కుర్చీ వేయుట మన పని.

ఒక వారము శిక్షణతో, ఒక పాఠ్యాంశముతో గురువు సిద్ధమగునా అని శ్రోతలు సందేహింపవచ్చును. ఆ సందేహము సరియైనదే. శిక్షణాలయము గురువునకు మొదటి అడుగు మాత్రమే నేర్పగలదు. మిగిలినది తరగతిలోని బిడ్డయే నేర్పవలెను. అయినను ఆ మొదటి అడుగు చిన్నది కాదు. మొదట చెప్పిన తరగతికే తిరిగి వత్తము. “దీనిలో నుండి దీనిని” అనుటకు మారుగా “పన్నెండులో నుండి అయిదు” అని గురువు పలికినచో చూపు లేని బాలునకు లెక్క అందినది. బల్ల మీద వ్రాయుట ముగించి, పిల్లల వైపు తిరిగి, వెలుతురు ముఖము మీద పడునట్లు నిలిచి చెప్పినచో వినలేని బాలికకు సగము అందినది. రెండు సైగలు నేర్చినచో మిగిలిన సగమునకు దారి యేర్పడినది. పన్నెండు చింతగింజలు చేతిలో పోసి, అయిదు తీసి ప్రక్కన పెట్టించినచో మూడవ బాలుడును కదలినాడు. దీనికై ప్రభుత్వము వారు భవనములు కట్టనక్కరలేదు. మరియొక చిత్రము: ఇట్లు చెప్పిన పాఠము మిగిలిన 37 మందికిని మునుపటికంటె బాగుగా అర్థమగును. వారిలో “అర్థమైనది” అని తల యూపి, నిజమునకు అర్థము కానివారు కొందరైన ఉండకపోరు.

ఈ విషయము బడికి మాత్రము చెందినది కాదని చెప్పి ముగింతుము. ఇట్టి బిడ్డ మన యింటనో, పొరుగింటనో, వెనుకవీధిలోనో ఉండవచ్చును. “వాడు బడికి పోయి ఏమి చేయును?” అని పెద్దలు అనుకొనుట మన ఊళ్ళలో నేటికిని వినబడుచునే యున్నది. ఆ బిడ్డను బడిలో చేర్పించుటయు, చేర్చిన పిదప “మా వానికి ఈ విధముగా చెప్పినచో తెలియునండి” అని గురువుగారికి వినయముగా తెలుపుటయు ఇంటివారి కర్తవ్యము. బిడ్డను తెలిసిన తల్లి చెప్పు ఆ ఒక్క మాట ఏ శిక్షణాలయమునను దొరకదు.

ఈ ప్రసంగమును రేడియోలో చూపు లేనివారు విందురు. వినికిడి లేనివారికి రేడియో ఒక మూగపెట్టె. ఈ పత్రికలో అచ్చుపడిన పాఠమును వినలేనివారు చదువుదురు; చూపు లేనివారికి ఈ పుట ఒక తెల్లకాగితము. ఒకే మాట రెండు దారుల నడచుట వలన ఇరువురికిని చేరినది. తరగతిలో గురువు చేయవలసినదియు ఇంతే. మాట ఒక్కటే, దారులు రెండో మూడో. ఆ దారులను లెపేకు చూపినవారు కుట్టుపని చేసికొనుచుండిన ఇద్దరు అక్కచెల్లెండ్రు. మన ఉపాధ్యాయులకు చూపువారు మన తరగతుల చివరిబెంచీలలో కూర్చుండియున్నారు.